పాఠకుల ప్రశ్నలు – జవాబులు: యుద్ధ వార్తల్లో మాటకు కొలత

యుద్ధం గురించి, విదేశాంగ వ్యవహారాల గురించి మన పత్రికలూ ప్రభుత్వాలూ వాడే మాటల్లో చాలా భాగం విషయం చెప్పడానికి కాక దాటవేయడానికే పనికివస్తున్నాయని గత సంచికలో నాలుగు వాక్యాలు రాశాను. వాటికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన వాటిలో ఎనిమిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేరు వేయవద్దన్నవారు ఎక్కువ మంది కావడంతో అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాను.

ప్రశ్న (పాఠకురాలు, రాజోలు): మా అమ్మ చాలా ఏళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోందండి. టీవీలో ‘గల్ఫ్‌లో ఉద్రిక్తత’ అని పడిన రాత్రి నాకు నిద్ర పట్టదు. మర్నాడు ‘ఉద్రిక్తత తగ్గుముఖం’ అంటారు. ఇంతకీ ఉద్రిక్తత అంటే ఆవిడ టిక్కెట్టు కొనుక్కోవాలనా, ఉండిపోవచ్చనా?

జవాబు: అమ్మా, ఆ మాటకు అర్థం ఉంది గాని కొలత లేదు. కొలత ఉన్న మాట ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. లంకలో ఉన్న ముసలమ్మకు క్యూసెక్కు అంటే ఏమిటో తెలియకపోవచ్చు. కానీ ‘రెండోది ఇచ్చారంట’ అన్న కబురు చెవిన పడగానే గేదెలను గట్టెక్కించాలనీ, బియ్యం డబ్బా అటక మీద పెట్టాలనీ ఆమెకు తెలుసు. ఆ హెచ్చరికలో ‘తీవ్రం’, ‘ఆందోళనకరం’ వంటి విశేషణం ఒక్కటీ ఉండదు. ‘గోదావరి ఉద్రిక్తంగా ఉంది’ అని అధికారులు ప్రకటించి ఊరుకుంటే ఎవరు ఏ గట్టు ఎక్కుతారు?

విదేశాల్లో ఉన్నవారికి మన ప్రభుత్వం ఇచ్చే సూచనల్లో ఈ రెండు రకాల భాషా కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్‌లోని మన రాయబార కార్యాలయం అక్కడి భారతీయులకు, ముఖ్యంగా ఉండడం తప్పనిసరి కాని విద్యార్థులకు, తాత్కాలికంగా వెళ్లిపోయే విషయం ఆలోచించుకోవచ్చని సూచించింది. ‘ఆలోచించుకోవచ్చు’ అన్న మాట విని, కాలేజీ తరగతులు మానేస్తే హాజరు పోతుందేమో, టిక్కెట్టు డబ్బు దండగేమో అని లెక్క వేసుకోని పిల్లవాడు ఉంటాడా? తొమ్మిది రోజులకు యుద్ధం మొదలైంది. మార్చి 2న అదే కార్యాలయం ఖార్కివ్‌లో ఉన్నవారికి ఇచ్చిన ఆదేశం చూడండి: వెంటనే నగరం విడిచిపెట్టాలి; సాయంత్రం ఆరు గంటలలోగా పెసోచిన్, బాబాయె, బెజ్లుదోవ్కా ఊళ్లకు చేరాలి; వాహనం దొరకకపోతే నడిచి వెళ్లాలి; దూరాలు వరుసగా 11, 12, 16 కిలోమీటర్లు. ఊరి పేరు, గడియ, దూరం అన్నీ ఉన్నాయి. చదివిన వెంటనే కాళ్లకు పని చెప్పే భాష అది. ఆ యుద్ధంలోంచి సుమారు 22,500 మంది మనవాళ్లు తిరిగి వచ్చారు.

ఫిబ్రవరి నాటి మెత్తదనానికి కారణం లేకపోలేదు. యుద్ధం రాదేమోనన్న ఆశ ఇంకా ఉన్న దేశంలో కూర్చుని ఒక రాయబార కార్యాలయం ‘పారిపొండి’ అంటే ఆ మాటకే దౌత్యపరమైన ఖరీదు ఉంటుంది. అందుకే మీరు టీవీలో ‘ఉద్రిక్తత’ పెరిగిందా తగ్గిందా అని చూడడం మానేసి, రాయబార కార్యాలయం సూచనలో క్రియాపదం చూడండి. ‘అప్రమత్తంగా ఉండండి’ నుంచి ‘వెళ్లడం మంచిది’కి మారిన రోజే టిక్కెట్టు మాట ఎత్తవలసిన రోజు, ‘వెళ్లాలి’ దాకా ఆగితే విమానాలు ఉంటాయన్న హామీ లేదు. అమ్మగారి పాస్‌పోర్టు ఆవిడ చేతిలో ఉందో, యజమాని బీరువాలో ఉందో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయులను తీసుకురాగలిగిన దేశం మనది. అయినా ఎడారి దాటి ఆ విమానం దాకా చేరుకోవలసింది మనిషే.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం): ఒకే వార్తలో మనవాళ్లు ‘అమరులవుతారు’, అవతలివాళ్లు ‘హతమవుతారు’, బాంబు పడిన ఊళ్లో జనం ‘మృత్యువాత పడతారు’. ఈ తేడాలు ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: మాస్టారూ, ఆ తేడాలు నిర్ణయించినవారిలో నేనూ ఒకణ్ణి. 1991 జనవరిలో నేను ఒక దినపత్రిక డెస్కులో రాత్రి పాళీలో ఉండేవాణ్ణి. ఇరాక్ మీద అమెరికా కూటమి మొదలుపెట్టిన దాడికి వాళ్లు పెట్టుకున్న పేరును ‘ఎడారి తుపాను’ అని తెలుగు చేసి, బాగా కుదిరిందని మురిసిపోయి, పెద్ద అక్షరాల్లో వేశాం. వారం తరువాత అంతర్వేది వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒకటే వాక్యం: ‘అయ్యా, తుపాను ఎవరూ పంపరు, ఇది ఎవరో పంపారు కదా?’ కిందటి మే నెల తుపానుకు చెట్లు పోగొట్టుకున్న కొబ్బరి రైతు ఎవరో రాసి ఉంటాడని అప్పట్లో అనుకున్నాను. తుపానుకు కర్త ఉండడు, దాని మీద కేసు పెట్టలేం, క్షమాపణ అడగలేం. దాడికి ఆ పేరు పెట్టినవారికి కావలసిందీ అదే. దాన్ని ఉచితంగా తెలుగులోకి మోసింది మేము.

ఇంకొకటి ఇప్పటికీ నన్ను వదలదు. ఆ ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమిరియా షెల్టరులో తలదాచుకున్న 400 మందికి పైగా పౌరులు చనిపోయారు. నేను పెట్టిన శీర్షికలో ‘దుర్మరణం’ అన్న మాట ఉంది. దుర్మరణం అనేది లారీ బోల్తా పడ్డప్పుడు డెస్కులో చేయి తనంతట తాను రాసే మాట. అమెరికా విమానాలు ఆ కట్టడం మీద రెండు బాంబులు వేశాయి, అది సైనిక కేంద్రమని వాళ్లు చెప్పారు, లోపల ఉన్నది కుటుంబాలు. ఈ మూడు ముక్కలూ ఆ రాత్రి నా ముందు ఉన్న కాగితంలోనే ఉన్నాయి. శీర్షికలోకి మాత్రం చంపినవాడు రాలేదు.

కర్తను వదిలేసినా తెలుగు వాక్యం చక్కగా నిలబడుతుంది. ‘దాడి జరిగింది’, ‘కాల్పులు చోటుచేసుకున్నాయి’ అంటే వ్యాకరణం ఏమీ అనదు. భాషలోని ఈ సౌలభ్యమే యుద్ధ వార్తలో ప్రమాదం. ‘అమరులు’ అన్న మాట విషయంలో నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. సంతాప సభలో, స్మారక ఫలకం మీద, ఆ ఇంటి గుమ్మం ముందు అది సరైన మాటే. ఎంతమంది చనిపోయారో, ఎవరు చంపారో చెప్పవలసిన వార్తలో మాత్రం ‘చనిపోయారు’, ‘చంపారు’ అన్న రెండు మాటలూ అన్ని వైపులకూ సమానంగా వాడాలి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, అమలాపురం): రష్యా ‘ప్రత్యేక సైనిక చర్య’ అంటుంది, ఇంకొకరు ‘ఆపరేషన్’ అంటారు. యుద్ధాన్ని యుద్ధం అనడానికి దేశాలకు అంత భయం ఎందుకు? మనమూ అలాగే చేస్తామా?

జవాబు: భయంలో సగం చట్టానిది. యుద్ధాన్ని జాతీయ విధానంగా వాడబోమని 1928లో పారిస్‌లో చాలా దేశాలు సంతకాలు పెట్టాయి. 1945 నాటి ఐక్యరాజ్య సమితి నియమావళి ఇంకా ముందుకు వెళ్లి, బలప్రయోగాన్నే కాక బలప్రయోగం చేస్తామన్న బెదిరింపునూ నిషేధించింది. సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ, లేదా భద్రతా మండలి అనుమతి, ఈ రెండే మినహాయింపులు. అప్పటి నుంచి ‘యుద్ధం ప్రకటిస్తున్నాం’ అనడం తప్పు ఒప్పుకున్నట్టే అయింది. అమెరికా లాంఛనంగా చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు, దీన్ని సమితి తరఫున పోలీసు చర్య అనవచ్చా అని ఒక విలేకరి అడిగితే అధ్యక్షుడు ట్రూమన్ అవునన్నాడు. ఆ పోలీసు చర్యలో 36,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. 1962లో క్యూబా చుట్టూ నౌకలను మోహరించినప్పుడు కెనడీ ప్రభుత్వం దాన్ని దిగ్బంధం అనలేదు, ఎందుకంటే దిగ్బంధం యుద్ధ చర్య కిందికి వస్తుంది. అందుకని ‘క్వారంటైన్’ అంది. 2020లో మన వీధి చివర వెదురు కర్రలు అడ్డం కట్టినప్పుడు విన్న మాటే అది.

రష్యా సంగతికి వస్తే, 2022 మార్చిలో చేసిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘అబద్ధపు సమాచారం’ చెప్పినవారికి 15 ఏళ్ల దాకా జైలు. యుద్ధాన్ని యుద్ధమన్నందుకు మనుషులు శిక్షలు పడి లోపల ఉండగా, ఆ డిసెంబరులో విలేకరుల ముందు పుతినే నోరు జారి ‘యుద్ధం’ అన్నాడు.

మనమూ చేస్తామా అన్నావు. ‘పోలీసు చర్య’ అన్న మాట నీవు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటావు. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానంలోకి వెళ్లింది ట్యాంకులతో కదిలిన భారత సైన్యం. నడిపినవాడు మేజర్ జనరల్ చౌదరి. సైన్యం తనలో తాను పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. నిజాం ప్రభుత్వం అప్పటికే భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది కాబట్టి, ఇది రెండు దేశాల మధ్య తగవు కాదు, మా ఇంటి లోపలి శాంతిభద్రతల వ్యవహారం అని చెప్పుకోవడానికి బయటికి పోలీసు చర్య అన్నారు. రజాకార్ల దౌర్జన్యాలు చూస్తే ఆ చర్య తప్పనిసరి అయిందని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ పేరు ఒక హాని చేసింది. యుద్ధం ముగిస్తే మృతుల లెక్క అడుగుతారు, పోలీసు చర్య ముగిస్తే ఎవరూ అడగరు. సైన్యం వెళ్లిన తరువాత, ముఖ్యంగా మరాఠీ జిల్లాల్లో, ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతులను 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు.

దగ్గరి కాలంలో మరొకటి. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ మీద మన వైమానిక దళం బాంబులు వేసింది. విదేశాంగ కార్యదర్శి ప్రకటనలో దాన్ని ‘సైనికేతర ముందస్తు చర్య’ అన్నారు. లక్ష్యం పాకిస్తాన్ సైన్యం కాదు, ఉగ్రవాద శిబిరం అని అవతలి సైన్యానికి సంకేతం పంపడం దాని ఉద్దేశం, అది తెలివైన ఉద్దేశమే. అయితే తెలుగు పత్రికలో ‘సైనికేతర చర్య’ అని చదివిన మనిషికి అందులో సైనికులే లేరని తోస్తుంది. ఆ చోట ‘పాక్ సైన్యాన్ని లక్ష్యం చేసుకోని దాడి’ అని రాసి ఉంటే రెండు పనులూ జరిగేవి.

ప్రశ్న (పాఠకుడు, మండపేట): కాల్పుల విరమణ, కాల్పుల విరామం ఒకటేనా?

జవాబు: కాదు. ఉద్యోగ విరమణ చేసినవాడు మర్నాడు ఆఫీసుకు రాడు. మధ్యాహ్న విరామానికి లేచినవాడు గంటలో వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. కొరియాలో 1953 జూలై 27న తుపాకులు ఆపారు, శాంతి ఒప్పందం మాత్రం ఇంతవరకూ లేదు. 2025 మే 10 నాటి మన విదేశాంగ కార్యదర్శి ప్రకటనను స్పష్టతకు ఉదాహరణగా దాచుకోవచ్చు: మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల అధిపతి మన అధిపతికి ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి నేల మీద, గాలిలో, సముద్రంలో కాల్పులూ సైనిక చర్యలూ ఆపడానికి అంగీకారం కుదిరింది. ఎవరు, ఎప్పుడు, ఏమిటి, అన్నీ ఉన్నాయి. రెండు రోజులకు ప్రధాని దాన్ని ప్రతిచర్యను నిలిపి ఉంచడమేనని వివరించారు. అంటే తెలుగులో అది విరామం. మర్నాటి పత్రికల్లో నేను చూసినవన్నీ విరమణ అనే వేశాయి.

ప్రశ్న (న్యాయవాది, పాలకొల్లు): మీరు స్పష్టత స్పష్టత అంటున్నారు గాని, దౌత్యం నడిచేదే గోడమీద పిల్లి భాషతో. అన్నీ విడమరిచి చెబితే ఒక్క ఒప్పందమైనా కుదురుతుందా?

జవాబు: మీరన్నది చాలావరకు నిజమేనండి. 1967 నవంబరులో భద్రతా మండలి చేసిన 242వ తీర్మానం ఆ సంవత్సరపు యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వెనక్కి వెళ్లాలంది. ఇంగ్లీషు ప్రతిలో ‘ప్రాంతాలు’ అన్న మాటకు ముందు నిర్దేశించే ఉపపదం (‘ది’) లేదు, కాబట్టి కొన్ని ప్రాంతాలనీ చదువుకోవచ్చు. ఫ్రెంచి ప్రతిలో ఉంది, కాబట్టి అన్నీ అని చదువుకోవచ్చు. ఉపపదమే లేని తెలుగులో ఆ తగాదాను అనువదించడానికి కూడా వీలుపడదు. ఆ సందు లేకపోతే తీర్మానం నెగ్గేది కాదు. సందు ఉందని ఓటు వేసిన వేళ అందరికీ తెలుసు.

మన పార్లమెంటులోనూ ఇలాంటిది జరిగింది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధం మీద లోక్‌సభ చేసిన తీర్మానం హిందీలో ‘నిందా’ అంది. ఖండించాలని ప్రతిపక్షం పట్టు, అంత దూరం వద్దని ప్రభుత్వం. హిందీ మాట ఇద్దరికీ సరిపోయింది, ఇంగ్లీషులో మాత్రం మెత్తటి మాట వేశారు. అదే ‘నింద’ తెలుగులోకి వస్తే మరో వింత, ఎందుకంటే మనకు నింద అంటే ఎవరి మీదనో లేనిపోనిది మోపడం. తీర్మానాన్ని అలాగే ఎత్తి రాస్తే అమెరికా మీద భారత పార్లమెంటు నీలాపనిందలు వేసినట్టు ఉంటుంది.

నేను తప్పుపట్టేది వేరు. ఒప్పందంలోని సందు ఇరుపక్షాలకూ తెలుసు. తన ప్రజల దగ్గర దాచిన సందు చెప్పేవాడికి మాత్రమే తెలుసు. 1964 ఆగస్టు 4న వియత్నాం దగ్గరి టాంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా ప్రభుత్వం చెప్పింది. అక్కడి కమాండరే కొన్ని గంటల్లో సందేహం వెలిబుచ్చుతూ తంతి పంపాడు. అయినా మూడు రోజుల్లో వాళ్ల ప్రతినిధుల సభ 416–0 ఓట్లతో, సెనేటు 88–2 ఓట్లతో అధ్యక్షుడికి యుద్ధానికి దిగే అధికారం అప్పగించాయి. ఆ దాడి జరగనే లేదు. కోర్టులో మీరు రెండు అర్థాలు వచ్చే షరతు రాసిన దస్తావేజునూ, దొంగ సాక్ష్యాన్నీ ఒకే గాటన కట్టరు కదా.

ప్రశ్న (పాఠకురాలు, నరసాపురం): మెత్తటి మాటల్ని తప్పుపట్టారు. ‘మారణహోమం’ వంటి ఘాటు మాటల సంగతేమిటి?

జవాబు: అవీ అంతే చెరుపు చేస్తాయి. ఒక జాతిని, తెగను లేదా మతవర్గాన్ని పూర్తిగా గాని కొంత గాని తుడిచిపెట్టాలన్న ఉద్దేశంతో చేసే హింసకు (ఇంగ్లీషులో జెనోసైడ్, మన పత్రికల్లో మారణహోమం) 1948 డిసెంబరు 9 నాటి ఒప్పందంలో నిర్వచనం ఉంది, దాన్ని నివారించే బాధ్యత కూడా సంతకం చేసిన దేశాల మీద పెట్టారు. 1994లో రువాండాలో లక్షల మందిని నరుకుతున్నప్పుడు అమెరికా ప్రతినిధులు ఆ బాధ్యత మెడకు చుట్టుకుంటుందని ‘ఆ తరహా చర్యలు’ అంటూ నసిగారు. అంత బరువున్న మాటను మనం బస్సు లోయలో పడినా వాడుతున్నాం. ‘జాతి నిర్మూలన’ అన్న మాటను ఆ నిర్వచనానికే ఉంచి, తక్కినచోట ఊచకోత, హత్యలు అని ఏది జరిగితే అది రాస్తే సరిపోతుంది.

ప్రశ్న (పాఠకుడు, రామచంద్రపురం): ఉక్రెయిన్ విషయంలో మన దేశం తటస్థమా, అలీనమా? ‘ఓటింగుకు భారత్ గైర్హాజరు’ అని కూడా చదివాను.

జవాబు: గైర్హాజరు మాత్రం కాదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో రష్యా దాడిని తప్పుపట్టే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ సహా 35 దేశాలు సభలో ఉండి, ఎటూ వేయడం లేదని నమోదు చేయించుకున్నాయి. మొత్తం 193లో మిగిలిన 12 దేశాలే ఓటింగులో పాల్గొననివి. ఇక తటస్థుడంటే తటం మీద, అంటే గట్టు మీద, నిలబడినవాడు. నెహ్రూ ఈ మాటను ఒప్పుకోలేదు. అలీన విధానమంటే ఏ కూటమిలోనూ కలవకుండా ఒక్కో సందర్భాన్ని దాని మంచిచెడ్డల మీద తూచడమని, తూచిన తరువాత నోరు విప్పడమని ఆయన వాదం. 2022లో మనం తూచామా, గట్టు మీద నిలబడ్డామా అన్నది మీరు తేల్చుకోవలసిందే. నాకైతే రష్యా చమురు లెక్క కూడా తక్కెడలో కనిపించింది, దాన్ని దాచకుండా చెప్పినందుకు మన ప్రభుత్వాన్ని మెచ్చుకున్నాను కూడా.

ప్రశ్న (పాఠకుడు, యానాం): మా ఊరికి విమోచన, విలీనం, బదిలీ అని మూడు మాటలు, నాలుగు తేదీలు. ఏది నిజం? 1910లో యానాంలోనే పుట్టి అక్కడే గడిపిన మా తాతగారు ఏ తేదీన భారతీయుడయ్యారు?

జవాబు: నాలుగూ నిజమే, ఒక్కొక్కటి ఒక్కో సంగతికి పేరు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండగా విలీనవాదులు ఊరి పాలన చేజిక్కించుకున్నారు. మనకది విమోచన, ఫ్రెంచివారికి తిరుగుబాటు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, అది వాస్తవ బదిలీ. 1956 మే 28న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకం చేశాయి. అది అమలులోకి వచ్చి చట్టబద్ధ బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. మధ్యలో గడిచిన కాలమంతా గౌతమి ఒడ్డున కచేరీ మనది, కాగితం మీద సార్వభౌమత్వం ఫ్రాన్సుది.

తాతగారి విషయంలో జవాబు ఒప్పందంలోనే ఉంది. ఆ స్థావరాల్లో పుట్టి, అది అమలులోకి వచ్చే నాటికి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు, ఆరు నెలలలోగా ఫ్రెంచి జాతీయత కావాలని రాసి ఇస్తే తప్ప, భారత పౌరులవుతారు. 1962 ఆగస్టు 15న మీ తాతగారు యానాంలో త్రివర్ణ పతాకానికి వందనం చేసి ఉంటే, ఆ పూటకు ఆయన చట్టం దృష్టిలో ఫ్రెంచివారే. భారతీయుడైంది తెల్లారి లేచాక.